జాలి కోసం చదవవద్దు: ఒక కాబూల్ నవలను కడపలో సిఫారసు చేస్తూ

మొన్న కడపలో కొందరం పుస్తకాల గురించి మాట్లాడుకోవడానికి కలిసినప్పుడు అఫ్ఘానిస్తాన్ నేపథ్యంలో ఖాలిద్ హొస్సేనీ రాసిన ‘ఎ థౌజెండ్ స్ప్లెండిడ్ సన్స్’ ప్రస్తావన వచ్చింది. 2007లో వెలువడిన ఈ నవలను చదవమని నేను చాలామందికి చెబుతూ వస్తున్నాను. ఆ రోజు వచ్చినవారిలో కూడా ఇద్దరు ముగ్గురు నా మాట మీదే చదివారు. అందరికీ నచ్చింది, చివరి పేజీల దగ్గర కన్నీళ్లు ఆగలేదని కూడా కొందరు చెప్పారు. ఎంతో చదువుకున్నవారు, ఎవరినీ నొప్పించని స్వభావం కలవారు అయిన ఒక పెద్దాయన మాత్రం, “ఇది చదివిన తరువాత మన ఆడవాళ్లు ఎంత అదృష్టవంతులో అర్థమయిందమ్మా” అన్నారు. చుట్టూ ఉన్నవాళ్లు అవునన్నట్టు తలలూపారు. నాకు ఆ మాట ఇప్పటికీ మింగుడుపడలేదు.

ఆయన మాటలో దురుద్దేశం లేదని నాకు తెలుసు. అయినా ఈ నవల చదివి చేరుకోవలసిన చోటు అదే అయితే, దానిని ఎవరికీ సిఫారసు చేయకపోవడమే మేలు. దూరదేశపు స్త్రీల కష్టాలు చూసి కాసేపు బాధపడి, మన ఇల్లు చల్లగా ఉందని ఊపిరి పీల్చుకోవడానికి ఇంత పెద్ద నవల అక్కరలేదు, టీవీ వార్తలు చాలు. యుద్ధానికి ఎంతో ముందు నుంచే ఇంట్లో నడుస్తున్న పెత్తనానికి యుద్ధం ఎలా అండగా నిలబడిందో చూపించడం ఈ నవల చేసిన అసలు పని అని నేననుకుంటున్నాను. ఆ సంగతి ఒకసారి గమనించిన పాఠకురాలు తానున్న ఇంటి వైపు కూడా చూడక తప్పదు. ఆ చూపు కోసమే దీన్ని చదవమంటున్నాను.

తుపాకులు రాకముందు

నవల కథానాయికల్లో ఒకరైన మరియం హెరాత్ నగరానికి దగ్గరలో, ఒక పల్లెకు వెలుపల, మట్టి గుడిసెలో తల్లితో పెరిగిన పిల్ల. తండ్రి జలీల్ సొంత సినిమా హాలు ఉన్న శ్రీమంతుడు. ఆయనకు ముగ్గురు భార్యలున్నారు. ఆ ఇంట్లో పనిచేసిన మనిషి కడుపున పుట్టింది కాబట్టి మరియంకు అక్కడ చోటు లేదు. తల్లి ఉరివేసుకొని చనిపోయాక, పదిహేనేళ్ల ఆ పిల్లను కాబూల్‌లో చెప్పుల దుకాణం నడుపుకొనే నడివయసు రషీద్‌కు కట్టబెట్టి పంపించివేస్తారు. ఇది జరిగేది 1974లో. అప్పటికి సోవియట్ సైన్యం ఆ దేశంలో అడుగుపెట్టలేదు, దానిమీద పోరాడబోయే ముజాహిదీన్లు లేరు, తాలిబాన్ అన్న పేరే ఎవరూ విని ఉండరు.

వరుస గర్భస్రావాలతో మరియం మీద రషీద్‌కు విసుగు పెరుగుతుంది. ఒక రాత్రి అన్నం సరిగా ఉడకలేదని అతను బయటికి వెళ్లి గుప్పెడు గులకరాళ్లు తెచ్చి, ఆమె నోట్లో కుక్కి, నమలమంటాడు. ఆమె నములుతుంది. అతను వెళ్లిపోయాక రాళ్లతో పాటు నెత్తురు, విరిగిన రెండు దవడపళ్ల ముక్కలు బయటికి ఉమ్ముతుంది. నవల మొదటి భాగం అక్కడ ఆగుతుంది. ఇది 1978 ఏప్రిల్‌లో, కమ్యూనిస్టుల సైనిక తిరుగుబాటుతో కాబూల్‌లో ప్రభుత్వం కూలిపోయిన రోజులనాటి ఘట్టం. అదే అధ్యాయంలో రేడియో కొత్త పాలన వచ్చిందని ప్రకటిస్తుంది, అదే వీధిలో ఇంకొక ఇంట్లో రెండవ కథానాయిక లైలా పుడుతుంది. రచయిత ఈ మూడింటినీ ఒకే చోట పెట్టడం ఊరికే జరిగిన పని అని నేననుకోను. బయట రాజ్యం చేతులు మారుతున్న వేళ ఆ వంటగదిలో మారినదేమీ లేదు, గులకరాళ్లు నమలమన్నవాడికి ఏ పార్టీతోనూ పనిలేదు.

ఆ పెద్దాయనకు చెప్పాలనుకున్న మొదటి మాట ఇది. నవలలోని హింసలో చాలా భాగం బాంబులు పడకముందే మొదలయింది. యుద్ధం చేసింది ఏమిటంటే, ఆ హింస నుంచి తప్పించుకొనే దారులను ఒక్కొక్కటిగా మూసివేసింది. అంతర్యుద్ధంలో రాకెట్ పడి తల్లిదండ్రులను పోగొట్టుకున్న లైలా పద్నాలుగేళ్లకే రషీద్‌కు రెండవ భార్యగా తలవంచవలసి వస్తుంది. 1994లో మరియం, లైలా పసిబిడ్డతో సహా పాకిస్తాన్‌కు పారిపోవాలని చూస్తారు. బస్టాండులో నమ్మిన మనిషే పట్టిస్తాడు. పోలీసు అధికారి ముందు లైలా ఎంత మొరపెట్టుకున్నా, మగవాడు తన ఇంట్లో ఏం చేసుకుంటాడన్నది అతని సొంత విషయమని చెప్పి ఇద్దరినీ తిరిగి రషీద్‌కే అప్పగిస్తారు.

ఆ మాట చదివినప్పుడు నాకు కాబూల్ గుర్తుకు రాలేదు. భర్త కొట్టిన దెబ్బలతో మోచేయి వాచిపోయిన నా పాత విద్యార్థిని ఒకామెకు తోడుగా ఫిర్యాదు ఇవ్వడానికి వెళ్లినప్పుడు, ఎదురుగా కూర్చున్న అధికారి కాగితం వైపు చూడకుండానే, “ఇంటి సంగతి ఇంట్లోనే సర్దుకోవాల తల్లీ, రేపు మళ్లీ ఆ ఇంటికే గదా పోవాల్సింది” అన్నాడు. ఆయన గొంతులో కోపం లేదు, ఆమె మేలు కోరే చెబుతున్నానన్న నమ్మకం ఉంది. ఆ నమ్మకమే నన్ను ఎక్కువ భయపెట్టింది.

అయితే ఈ రెండు చోట్లను ఒకటేనని చెప్పడం అన్యాయం. మాకు 2005లో వచ్చిన గృహహింస చట్టం ఉంది, ఆ అధికారి పైన ఇంకొక అధికారి ఉన్నారు, మాట్లాడే వకీలు ఉన్నారు. కొంత ఆలస్యమయినా ఆమె ఫిర్యాదు నమోదయింది. లైలాకు వీటిలో ఏ ఒక్కటీ లేదు. ఈ తేడా చాలా పెద్దది, దీన్ని తక్కువచేసి మాట్లాడే హక్కు నాకు లేదు. కానీ ఆ తేడా మన జాతకంలో రాసిపెట్టి వచ్చినది కాదు. చట్టాల కోసం దశాబ్దాలపాటు కొట్లాడిన ఆడవాళ్లు ఉన్నారు. మా పక్క జిల్లా నెల్లూరులోని దూబగుంటలో సారా అంగడి మూయించడంతో మొదలయి రాష్ట్రమంతా పాకిన ఉద్యమాన్ని నా తరం కళ్లారా చూసింది, 1993లో సారా నిషేధం వచ్చింది ఆ ఆడవాళ్ల వల్లే. వాళ్లు సాధించిపెట్టిన దాన్ని అదృష్టమని పిలిస్తే వాళ్ల శ్రమను లెక్కలోంచి తీసివేసినట్టే అవుతుంది.

సవతుల కథ అనుకుని చదివితే

తెలుగు పాఠకులకు సవతుల పోరు కొత్త కాదు. గంగ, గౌరి వాదులాడుకొనే పాటలు మా ఇళ్లలో రోళ్ల దగ్గర, తిరగళ్ల దగ్గర పాడుకునేవారు. ఆ పాటల్లో తగవు ఎప్పుడూ ఇద్దరు ఆడవాళ్ల మధ్యనే, శివుడు పక్కన తప్పుకొని ఉంటాడు. లైలా ఆ ఇంట్లో అడుగుపెట్టినప్పుడు ఈ నవల కూడా ఆ దారిలోనే నడుస్తుందనిపిస్తుంది. మరియం ఆమెను దగ్గరికి రానివ్వదు, ఇంటిపని వాటాలు వేస్తుంది, ఒక చెక్క గరిటె కనిపించకపోతే దొంగతనం అంటగట్టేదాకా పోతుంది.

మార్పు చాలా చిన్న సంగతులతో వస్తుంది. రషీద్ బెల్టు తీసి మరియం మీదికి వచ్చిన రాత్రి లైలా అతని చేయి పట్టుకొని ఆపుతుంది. ఆ తరువాత లైలా గది తలుపు ముందు పసిపాప బట్టలు మడతపెట్టి కనిపిస్తాయి. కడుపు నిలవని మరియం చేతులతో కుట్టిన బట్టలు అవి. ఆ రాత్రి ఇద్దరూ పెరట్లో కూర్చొని చాయ్ తాగుతారు. ప్రమాణాలు చేసుకోరు, ఒకరినొకరు కౌగిలించుకోరు. ఆ పేజీల్లో రచయిత చూపిన నిగ్రహం కోసమే ఈ పుస్తకాన్ని రచనలో ఆసక్తి ఉన్న పిల్లలకు ప్రత్యేకంగా ఇస్తుంటాను. ఇద్దరు ఆడవాళ్లను శత్రువులుగా ఉంచితేనే రషీద్ ఇల్లు నడుస్తుంది, వాళ్లు ఒకటైన మరుక్షణం అతనికి ఆ ఇల్లు పరాయిదవుతుంది. చివర మరియం పార ఎత్తి రషీద్‌ను చంపడానికి, ఆ నేరాన్ని తానొక్కతే మోసుకొని కాబూల్‌లోని ఘాజీ స్టేడియంలో మరణశిక్షకు తలవంచడానికి వెనుక ఉన్న బలమంతా ఆ చాయ్ దగ్గర పుట్టిందే. కథ చెప్పేశానని కోపగించుకోవద్దు, ఏం జరుగుతుందో ముందే తెలిసినా ఈ నవల పట్టు సడలదు.

ఫ్యాక్షన్ పోలిక గురించి కొంచెం

రాయలసీమలో ఈ పుస్తకం గురించి మాట్లాడినప్పుడల్లా ఎవరో ఒకరు ఫ్యాక్షన్‌ను తీసుకువస్తారు. యుద్ధమంటే మనకూ తెలుసునని వారి ఉద్దేశం. నేను ఆ పోలికకు పూర్తిగా ఒప్పుకోను, ఎందుకంటే ఒక దేశం మీద విమానాలు బాంబులు వేయడం, ఊళ్లలో రెండు వర్గాలు కక్షలు పెంచుకోవడం ఒకే కొలతకు రావు. కానీ ఒక విషయంలో పోలిక నిలుస్తుంది. ఫ్యాక్షన్ కథను సినిమాలు మగవాళ్ల కథగా మార్చివేశాయి. వాటిలో ఆడవాళ్లు శవం మీద పడి ఏడవడానికి, బొట్టు తుడుచుకోవడానికి మాత్రమే కనిపిస్తారు. మరుసటి నెల నుంచి ఆ మనిషి ఏం చేసింది, శనగ చేను ఎవరితో కోయించింది, కోర్టు వాయిదాలకు ఎవరిని వెంటబెట్టుకొని పోయింది, బడిలో కొడుకును తండ్రి పేరుతో రెచ్చగొట్టకుండా ఎలా కాపాడుకుంది అన్నది ఎవరూ చూపించలేదు. ఆ చూపించని భాగమే హొస్సేనీ నవలలో ఉన్నదంతా.

మన జిల్లా చూసిన యుద్ధం ఒకటుంది

కడప జిల్లాకు నిజంగా యుద్ధంతో పరిచయం కావాలంటే ఫ్యాక్షన్ దాకా పోనక్కరలేదు. అప్పటి మన జిల్లాలోని రాజంపేట, రాయచోటి, బద్వేలు ప్రాంతాల నుంచి కువైట్ ఇళ్లలో పనికి వెళ్లిన ఆడవాళ్లు 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం వచ్చినప్పుడు అక్కడే ఉన్నారు. ఆ సంవత్సరం అమ్మాన్ నుంచి బొంబాయికి 488 విమానాల్లో లక్ష మందికి పైగా భారతీయులను తీసుకువచ్చిన సంగతి అందరూ గొప్పగా చెప్పుకుంటారు. దాని మీద హిందీలో ఒక సినిమా వచ్చింది. అందులో కథానాయకుడు ఒక పెద్ద వ్యాపారి. ఇళ్లలో గిన్నెలు కడిగిన మా జిల్లా మనిషి ఆ కథకు మధ్యలో లేదు.

మా వీధిలో ఉండే ఒక పెద్దమ్మ ఆ విమానాల్లో ఒకదానిలో తిరిగి వచ్చింది. మరియం, లైలా కథను నేను ఆమెకు తెలుగులో చెబుతూ పోయాను, ఆమె చేతిలో చింతపండు పిక్కలు తీస్తూ విన్నది. కొంతసేపటికి తన కథ మొదలుపెట్టింది. సేటు కుటుంబం రాత్రికి రాత్రే కార్లెక్కి సౌదీ వైపు పోయింది, ఆమెను ఇంట్లోనే వదిలేసింది. “వాళ్లు పోతా పోతా ఫ్రిజ్జులో ఉండేటివి తినమని చెప్పినారు పాపా. నా పాస్‌పోర్టు యాడుందని అడిగే టైమే ల్యాకపాయె” అన్నది. పక్క ఇంట్లో శ్రీలంక నుంచి వచ్చిన పనిమనిషి కూడా అలాగే మిగిలిపోయింది. ఈమెకు సింహళం రాదు, ఆమెకు తెలుగు రాదు. యజమానుల వంటగదుల్లో నేర్చుకున్న అరబ్బీ ఒక్కటే ఇద్దరికీ ఉమ్మడి భాష. బియ్యం, నీళ్లు, ఉప్పు, పడుకో, భయపడవద్దు అన్న మాటలు ఆ అరబ్బీలో ఉన్నాయి, అవి చాలాయని ఆమె చెప్పింది. ఇద్దరూ ఒకే ఇంట్లో చేరి, పగలు తలుపులు వేసుకొని, ఉన్న బియ్యాన్ని గ్లాసుతో కొలిచి వండుకున్నారు. తరువాత బస్సులో బాగ్దాదు మీదుగా జోర్డాన్ సరిహద్దు దాకా పోయి, ఎడారిలో డేరాల మధ్య నీళ్ల కోసం వరుసలో నిలబడ్డారు. అక్కడే ఆ శ్రీలంక మనిషి వేరే వరుసలోకి వెళ్లిపోయింది, మళ్లీ కనిపించలేదు.

నేను సైనికుల గురించి అడిగాను. ఆమె సైనికుల గురించి రెండు మాటలు చెప్పి, తనకు రావలసి ఉండి రాని జీతం గురించి చాలాసేపు చెప్పింది. వీసా కోసం ఇంటి మీద చేసిన అప్పుకు వడ్డీ యుద్ధంలోనూ ఆగలేదు. ఊరు చేరిన తరువాత పలకరించడానికి వచ్చినవాళ్లలో అప్పిచ్చినాయన కూడా ఉన్నాడు. ఐక్యరాజ్యసమితి కువైట్ వదిలివచ్చినవాళ్లకు నష్టపరిహారం ఇచ్చింది, ఒంటరిగా వచ్చినవాళ్లకు అది 2,500 నుంచి 4,000 డాలర్ల దాకా ఉండింది. ఆమెకు వచ్చిన డబ్బుతో భర్త చేనులో బోరు వేయించాడు, నీళ్లు పడలేదు. యుద్ధం ముగిశాక ఆమె మళ్లీ కువైట్‌కే పోయింది. ఎందుకు పోయావని అడిగితే, “పోక ఏం జేసేది పాపా, ఆ అప్పు యుద్ధం గాదుగదా, అయిపోయేదానికి” అన్నది.

అదృష్టమన్న మాటకు నేను వెతుకుతున్న జవాబు ఆమె దగ్గర దొరికింది. మరియంకూ ఈ పెద్దమ్మకూ జరిగినవి ఒకటి కావు. అయినా ఇద్దరి కథల్లోనూ యుద్ధం అన్నింటికన్నా పెద్ద సంగతి కాకపోవడం నన్ను ఆపింది. దానికి ముందు ఒక అప్పో ఒక పెళ్లో ఉంది, దాని తరువాత కూడా అదే ఉంది. ఈ నవల చదవకపోయి ఉంటే నేను ఆమెను సైనికుల గురించి మాత్రమే అడిగి, ఆమె జీతం మాట ఎత్తినప్పుడు విషయం మళ్లించి ఉండేదాన్నేమో.

నా సందేహాలు

ఈ నవల మీద నాకు అభ్యంతరాలు లేకపోలేదు. రషీద్ పాత్రలో మంచితనపు జాడ దాదాపు లేదు. అతని మొదటి కొడుకు నీళ్లలో మునిగి చనిపోయిన సంగతి ఉన్నా, దాన్ని రచయిత తొందరగా దాటిపోతారు. ఇంత దుర్మార్గుణ్ణి చూపిస్తే చదివే మగవాళ్లు “నేను ఇలాంటివాణ్ణి కాదు” అని తేలికగా తప్పుకుంటారు. గులకరాళ్లు నమిలించని మగవాళ్లే లోకంలో ఎక్కువ. వాళ్లు కూడా అన్నం పలుకుగా ఉంటే కంచం నెట్టివేస్తారు. దీనికి కొంత విరుగుడు లైలాకు రషీద్‌తో పుట్టిన కొడుకు జల్మాయి పాత్రలో ఉంది. ఆ పిల్లవాడికి రషీద్ అంటే ప్రాణం, తండ్రి ఏమయ్యాడో తెలియక గుమ్మం వైపు చూస్తూ ఉంటాడు, లైలా ప్రతిసారీ అబద్ధం చెప్పవలసి వస్తుంది. కొట్టే తండ్రిని ప్రేమించే కొడుకును చూపించడానికి ధైర్యం కావాలి.

రెండవ అభ్యంతరం ఇంకా పెద్దది. రచయిత కాబూల్‌లో పుట్టినా, పదిహేనేళ్ల వయసులో అమెరికా చేరి అక్కడే స్థిరపడిన మనిషి. నవల ఇంగ్లీషులో, అమెరికా సైన్యం అఫ్ఘానిస్తాన్‌లో ఉన్న కాలంలో వచ్చింది. తాలిబాన్ కూలిన తరువాత లైలా కుటుంబం కాబూల్‌కు తిరిగి వచ్చి, అనాథాశ్రమంలో పిల్లలకు చదువు చెప్పే చోట కథ ముగుస్తుంది. బయటినుంచి వచ్చిన సైన్యం ఆడవాళ్లను కాపాడిందన్న భావం ఆ ముగింపులో లేదని నేను చెప్పలేను. 2021 ఆగస్టు 15న తాలిబాన్ మళ్లీ కాబూల్‌లోకి వచ్చింది, హైస్కూలు చదువు ఆడపిల్లలకు మూతబడింది, 2022 డిసెంబరులో విశ్వవిద్యాలయాల తలుపులు కూడా మూశారు. ఈ వార్తలు తెలిసినవాళ్లు ఆ చివరి అధ్యాయాన్ని రచయిత అనుకున్నట్టు చదవలేరు. నేను మాత్రం ఆ అధ్యాయాన్ని వదిలేయమని చెప్పను. లైలా తండ్రి, కమ్యూనిస్టుల కాలంలో ఆడపిల్లల చదువుకు మంచిరోజులు వచ్చాయని కూతురికి నచ్చజెప్పే ఘట్టం రెండవ భాగంలో ఉంది. దానితో కలిపి చదివితే, పైనుంచి ఇచ్చిన హక్కు పైవాడు మారగానే పోతుందన్నది ఈ నవలలోనే ఒకసారి జరిగి ఉందని తెలుస్తుంది.

ఎవరికి ఇస్తున్నానంటే

చదవబోయేవాళ్లకు ఒక హెచ్చరిక చెప్పాలి. 1997లో లైలాకు మత్తుమందు లేకుండా కడుపు కోసి బిడ్డను తీసే ఘట్టం ఉంది. నిండు నెలలతో ఉన్నవాళ్లు దాన్ని తరువాత చదువుకోవడం మంచిది. ఇంగ్లీషు కష్టమైనది కాదు, డిగ్రీ చదివే పిల్లలు నిఘంటువు ఎక్కువగా తిరగేయకుండానే చదవగలరు. మగపిల్లలకు కూడా ఇస్తున్నాను, ముందు వాళ్లకే ఇవ్వమని సహోద్యోగులకు చెబుతున్నాను.

మా కాలేజీలో కువైట్‌లో తల్లి, ఇక్కడ అవ్వ దగ్గర తాము అన్నట్టుగా పెరిగిన పిల్లలు ఎప్పుడూ కొందరు ఉంటారు. వాళ్లలో ఒకమ్మాయి ఈ పుస్తకం తిరిగి ఇస్తూ తాలిబాన్ గురించి ఒక్క మాటా మాట్లాడలేదు. కరువు కాలంలో తిండి పెట్టలేక లైలా తన కూతురు అజీజాను అనాథాశ్రమంలో వదిలి వస్తుంది. మగతోడు లేకుండా బిడ్డను చూడడానికి పోతే దారిలో తాలిబాన్లు కొడతారు కాబట్టి, దెబ్బలు తగలకుండా బురఖా లోపల ఎండలో కూడా స్వెట్టర్ల మీద స్వెట్టర్లు వేసుకొని పోతుంది. కొన్నాళ్లకు అజీజాకు నత్తి వస్తుంది. మా అమ్మాయి ఆ పేజీల దగ్గర మడతపెట్టి, “తల్లి ఎట్లా పోయిందో బాగా రాసినాడు మేడం, కానీ ఆ పాప లోపల ఎట్లా ఉండిందో తక్కువ రాసినాడు” అన్నది. ఆ తక్కువైన భాగాన్ని నువ్వు రాయమని చెప్పాను. అవ్వతో గడిపిన సంవత్సరాల గురించి రాయడం మొదలుపెట్టింది. తల్లి గురించి రాయాలంటే తల్లినే అడగాలి, శుక్రవారం సెలవు రోజు ఫోన్‌లో అడిగితే ఆమె మాట మార్చివేస్తున్నదట. బలవంతపెట్టవద్దని, ముందు జీతం గురించి, సేటు ఇంట్లో వంట గురించి అడగమని చెప్పి పంపాను.